ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు: కొత్త డెస్క్‌టాప్ డైరీ

పార్టులు: ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాని డబ్బాలోనే వచ్చిన రైత్ స్టెల్త్ కూలర్, బీ450 చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్ రెండు, రేడియాన్ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె), పల్చటి రేకు క్యాబినెట్. అన్నీ కొత్తవే. బోర్డు మాత్రం దుకాణంలో చాలాకాలం అమ్ముడుపోకుండా ఉన్న సరుకు. ఈ చివరి మాటకున్న విలువ రెండో రోజు దాకా తెలియలేదు.

మొదటి రోజు, సాయంత్రం

బిగింపు పూర్తయింది. పవర్ బటన్ నొక్కితే కూలర్ ఫ్యాను, క్యాబినెట్ ఫ్యాన్లు తిరిగాయి. కీబోర్డు లైటు రాలేదు. మానిటర్ మీద "నో సిగ్నల్".

ముందు బయటి సంగతులు. హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి ఉంది. రైజెన్ 5 5600 లోపల గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐలో పెడితే ఎన్నటికీ ఏమీ రాదు. పేరు చివర జీ ఉన్న 5600జీ అయితే ఆ పోర్టు పనిచేస్తుంది. ఒక్క అక్షరం తేడాతో చాలామంది పొరబడేది ఇక్కడే. మానిటర్‌ని, కేబుల్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాం, బొమ్మ వచ్చింది. మానిటర్ ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ 1 మీదే ఉంది. ఆ రెండింటి మీదా అనుమానం తీరింది.

బోర్డు అంచున, 24 పిన్నుల సాకెట్ పక్కన, నాలుగు చిన్న ఎల్ఈడీలున్నాయి: సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ (విండోస్ ఉండే డిస్కు). ఆన్ చేయగానే బోర్డు ఇదే వరసలో ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తుంది. పరీక్ష నడిచేటప్పుడు లైటు వెలుగుతుంది, గట్టెక్కితే ఆరి పక్కది వెలుగుతుంది. ఎక్కడ ఆగిపోతే చిక్కు ఆ మెట్టులో ఉన్నట్టు. మాకు సీపీయూ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది.

ఇక్కడి నుంచి డైరీలో "డిస్‌ప్లే వచ్చిందా లేదా" అని రాయడం మానేసి, ప్రతి ప్రయత్నం ఎదురుగా లైటు ఎక్కడ ఆగిందో మాత్రమే రాస్తున్నాం. తప్పులు రెండు మూడు ఒకదాని మీద ఒకటి ఉంటే, ఒకటి సరిచేసినా తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు "ఇది కారణం కాదు" అనుకుని సరిచేసినదాన్ని మళ్ళీ వెనక్కి మార్చేస్తాం. లైటు ఒక మెట్టు కదిలిందంటే చేసిన పని నిలిచిందన్నమాట.

ఎల్ఈడీలు లేని బోర్డయితే నాలుగు పిన్నుల చిన్న స్పీకరు కొని స్పీకర్ హెడర్‌కి గుచ్చాలి. బీప్‌ల అర్థం బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) తయారీదారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడక తప్పదు.

మొదటి రోజు, రాత్రి: కరెంటు వైపు

ఫ్యాన్లు తిరగడం ప్రాసెసర్‌కి కరెంటు అందుతోందనడానికి సాక్ష్యం కాదు. ఫ్యాన్లకు కావలసిన 12 వోల్టులు 24 పిన్నుల కేబుల్ నుంచి వస్తాయి. ప్రాసెసర్‌కి వేరే దారి ఉంది: బోర్డు పై ఎడమ మూలన 8 పిన్నుల ఈపీఎస్ సాకెట్. అది పెట్టకపోయినా ఫ్యాన్లు హాయిగా తిరుగుతాయి, సీపీయూ లైటు దగ్గర బండి ఆగిపోతుంది. మా దాంట్లో అది పెట్టే ఉంది. తీసి మళ్ళీ క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాం. మార్పు లేదు.

ఈ కేబుల్ 4+4గా చీలుతుంది. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ 6+2గా చీలుతుంది. రెండూ ఎనిమిదే, చూడ్డానికి అన్నదమ్ములే, కానీ 12 వోల్టుల వరస, గ్రౌండ్ వరస వీటిలో తారుమారుగా ఉంటాయి. ప్లాస్టిక్ గళ్ళ ఆకారం వేరు కాబట్టి మామూలుగా ఒకదాని చోట ఇంకోటి దూరదు. దూరనంటోంది కదా అని బలవంతం చేస్తే మాత్రం బోర్డు పోతుంది. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ వాడేవాళ్ళకు ఇంకో ప్రమాదం: పాతదాని కేబుళ్ళు కొత్తదానికి సరిగ్గా పట్టినా వాడకూడదు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఒక ప్రమాణమంటూ లేదు, కంపెనీకో రకంగా ఉంటుంది.

మల్టీమీటర్ నల్ల ప్రోబు క్యాబినెట్ రేకుకి ఆనించి, ఎర్రది 24 పిన్నుల కనెక్టర్ వెనక నుంచి దూర్చి, మిషన్ ఆన్‌లో ఉండగా కొలిచాం: 12.08, 5.03, 3.31 వోల్టులు. ప్రమాణం 5 శాతం అటూ ఇటూ, అంటే 12కి 11.4 నుంచి 12.6 దాకా, 5కి 4.75 నుంచి 5.25 దాకా పరవాలేదు. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ 3.02 వోల్టులు చూపించింది. కరెంటు వైపు తప్పేమీ కనబడలేదు.

క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమంది. ఇది ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిన గుర్తు కాదు, గోడ ప్లగ్గులో ఎర్త్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ ముందుభాగంలో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి మధ్య బాడీ దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు అతి తక్కువే కానీ, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్ళు పెట్టడం, తీయడం మంచిది కాదు. పాత ఇళ్ళలో మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, వెనక మూడో వైరే ఉండదు. ఎర్త్ ఉన్న వంటింటి ప్లగ్గుకి మార్చాం.

సీమోస్ క్లియర్, అంటే బయోస్ సెట్టింగులు చెరిపేయడం: ప్లగ్గు పీకి, బ్యాటరీ తీసి, జంపర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో పది సెకన్లు కలిపాం. మళ్ళీ ఆన్. సీపీయూ లైటే.

రెండో రోజు, ఉదయం: క్యాబినెట్ బయటికి

బోర్డును బయటికి తీసి దాని అట్టపెట్టె మీదే పెట్టాం. యాంటీ స్టాటిక్ కవరు మీద పెట్టి ఆన్ చేయకూడదు, ఆ వెండి రంగు కవరు గుండా కరెంటు కొంత పారుతుంది. పొడి అట్ట సురక్షితం.

తీసినప్పుడు ఒక సంగతి బయటపడింది. క్యాబినెట్ ట్రేలో బోర్డు రంధ్రాలకు సరిపోని చోట ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్తంభం) బిగించి ఉంది. ఏటీఎక్స్ (పెద్ద సైజు) బోర్డుల కోసం తయారీలోనే పెట్టిందది. మైక్రో ఏటీఎక్స్ బోర్డు వెనక టంకం చుక్కలకు తగిలితే షార్టవుతుంది. మా బోర్డు మీద గీత కూడా పడలేదు కానీ దాన్ని ఊడదీసి స్క్రూల పొట్లంలో వేశాం.

అట్ట మీద ప్రాసెసర్, కూలర్, రెండు పవర్ కేబుళ్ళు, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో ఒక్క ర్యామ్. ఎస్‌ఎస్‌డీ లేదు, గ్రాఫిక్స్ కార్డు లేదు, యూఎస్‌బీలో ఏదీ లేదు. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో క్షణం సేపు తాకిస్తే ఆన్ అవుతుంది. సీపీయూ లైటు.

ర్యామ్ కూడా తీసేసి ఆన్ చేశాం. ఇది చాలా చవకైన పరీక్ష. ప్రాసెసర్ బతికి ఉండి బయోస్ కోడ్ నడుస్తుంటే, ర్యామ్ లేదని డ్రామ్ లైటు వెలగాలి, స్పీకరుంటే బీప్ రావాలి. మాకు అప్పుడూ సీపీయూ లైటే. అంటే బోర్డు ర్యామ్ ఉందో లేదో చూసే దాకా కూడా రావట్లేదు. ర్యాములు మార్చి మార్చి చూడ్డం ఇక వృథా.

ఇక్కడ పొరపాటు జరిగింది. ప్రాసెసర్ సరిగా కూర్చుందో లేదో చూద్దామని కూలర్ తీశాం. స్క్రూలు నాలుగూ విప్పి నిలువుగా లాగేసరికి ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి కూలర్‌కి అంటుకుని వచ్చింది. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్లో ఇది పేరున్న ముప్పు. దీంట్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. లివర్ వేసి ఉన్నా సాకెట్ వాటిని రాపిడితో మాత్రమే పట్టుకుంటుంది. గట్టిపడిన థర్మల్ పేస్ట్ పట్టు అంతకంటే ఎక్కువ. కూలర్‌ని నిలువుగా లాగకూడదు. పేస్ట్ వెచ్చగా ఉన్నప్పుడు, చల్లగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, అటూ ఇటూ మెలితిప్పుతూ పట్టు విడిపించి అప్పుడు ఎత్తాలి.

ఒక మూల రెండు పిన్నులు వంగాయి. పెన్సిల్ ముల్లు తీసేసిన 0.7 మి.మీ. మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని పిన్ను మీద తొడిగి కొద్దికొద్దిగా నిలబెట్టాం. వెనక్కీ ముందుకీ పదే పదే వంచితే విరుగుతుంది, ఒకే దిశలో మెల్లగా తేవాలి. కూలర్‌తో వచ్చిన పేస్ట్ ఒకసారి ఊడాక పనికిరాదు. రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కందిగింజ కంటే కాస్త పెద్ద చుక్క కొత్త పేస్ట్ మధ్యలో పెట్టి, స్క్రూలు ఎదురెదురు మూలల్లో రెండేసి చుట్లు తిప్పుతూ బిగించాం. ప్రాసెసర్‌ని సాకెట్లో పెట్టేటప్పుడు వేలితో చిన్నగా తట్టాల్సి వచ్చింది. ఆ తట్టడం గుర్తుపెట్టుకోండి.

ఆన్. సీపీయూ లైటే. నిజానికి కూలర్ జోలికి వెళ్ళే అవసరమే లేదు. చూడాల్సింది బోర్డు డబ్బాని.

రెండో రోజు, మధ్యాహ్నం: బయోస్

డబ్బా మూల మీద "రైజెన్ 3000 డెస్క్‌టాప్ రెడీ" అని స్టిక్కరు. బీ450 వచ్చింది 2018లో. రైజెన్ 5000 వరస మొదలైంది 2020 నవంబరులో, 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. సాకెట్ ఒకటే, ప్రాసెసర్ సరిగ్గా కూర్చుంటుంది, కానీ ఆ తేదీకి ముందు బయోస్‌తో వచ్చిన బోర్డుకి ఈ ప్రాసెసర్ అంటే ఎవరో తెలియదు. తెలియని ప్రాసెసర్ కనిపిస్తే తెర మీద ఒక సందేశం ఇచ్చే స్తోమత కూడా బోర్డుకి ఉండదు, ఆ తెరని నడపాల్సింది ఆ ప్రాసెసరే కాబట్టి. బోర్డు కంపెనీ సైటులో మోడల్ పేజీకి వెళ్ళి ప్రాసెసర్ సపోర్ట్ పట్టిక తెరిస్తే, ఏ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో రాసి ఉంటుంది. కొనే ముందు చూడాల్సిన పట్టిక అది.

మా బోర్డుకి వెనక, పెన్ డ్రైవ్ నుంచి నేరుగా కొత్త బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంది. దీనికి ప్రాసెసర్, ర్యామ్ పనిచేయాల్సిన పని లేదు. 24 పిన్నులు, 8 పిన్నులు రెండు కేబుళ్ళూ ఉంటే చాలు. మొదటి ప్రయత్నం విఫలం: బటన్ పక్క లైటు నాలుగైదు సార్లు మిణుకుమని ఆరిపోయింది. కారణం 64 జీబీ పెన్ డ్రైవ్, అది ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది. ఫ్లాష్‌బ్యాక్ ఫ్యాట్32 తప్ప చదవదు. 8 జీబీ పాత యూఎస్‌బీ 2.0 డ్రైవ్ వెతికి, ఎంబీఆర్ పద్ధతిలో ఒకే పార్టిషన్ చేసి ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాం. జిప్ ఫైలు విప్పి, లోపలి బయోస్ ఫైలుకి మాన్యువల్ చెప్పిన పేరు పెట్టాం. ఈ పేరు కంపెనీని బట్టి మారుతుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా బోర్డు ఆ ఫైలు ముట్టదు. విండోస్‌లో ఫైలు పేర్ల ఎక్స్‌టెన్షన్ కనబడేలా సెట్ చేయకపోతే చివర్న రెండు ఎక్స్‌టెన్షన్లు చేరిపోతాయి, అదీ చూసుకోవాలి. డ్రైవ్‌ని ఫ్లాష్‌బ్యాక్ గుర్తున్న పోర్టులోనే పెట్టాలి.

మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని యూపీఎస్ మీద పెట్టాం. బటన్ మూడు సెకన్లు నొక్కితే లైటు మిణుకుమనడం మొదలై ఆరు నిమిషాలకు ఆగింది.

ఫ్లాష్‌బ్యాక్ లేని బోర్డయితే ఆ బయోస్‌కి తెలిసిన పాత ప్రాసెసర్ ఒకటి అరువు కావాలి. 3200జీ లాంటిదైతే సొంత గ్రాఫిక్స్ ఉంటాయి కాబట్టి మరీ మంచిది. అదీ దొరక్కపోతే బోర్డును కొన్న దుకాణానికే తీసుకెళ్ళాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొనేవాళ్ళు బిల్లు కట్టే ముందే అక్కడే బయోస్ అప్‌డేట్ చేయించుకుంటే ఈ తిప్పలుండవు.

ఒక ర్యామ్, కార్డు లేకుండా ఆన్. సీపీయూ లైటు ఆరింది. డ్రామ్ లైటు వెలిగి నలభై సెకన్లు ఉంది. బోర్డు తనంతట తాను ఆగి మళ్ళీ ఆన్ అయింది. కొత్త బయోస్‌తో మొదటిసారి ర్యామ్ టైమింగులు వెతుక్కోవడం ఇది, రెండు మూడు సార్లు ఇలా ఆగి లేస్తే కంగారుపడి ప్లగ్గు పీకకూడదు. తరవాత వీజీఏ లైటు దగ్గర నిలిచింది. కార్డు పెట్టనే లేదు కాబట్టి వీజీఏ దగ్గర ఆగడం ఇక్కడ మంచి వార్త. ప్రాసెసర్, ర్యామ్ రెండూ గట్టెక్కాయి.

రెండో రోజు, సాయంత్రం: రెండో ర్యామ్

నాలుగో స్లాటులో రెండో ర్యామ్ పెడితే డ్రామ్ లైటు. నాలుగు పరీక్షలు చేశాం, ప్రతిదానికీ రెండు నిమిషాలు ఆగి:

మొదటి ర్యామ్ రెండో స్లాటులో: వీజీఏ.
రెండో ర్యామ్ రెండో స్లాటులో: వీజీఏ.
మొదటి ర్యామ్ నాలుగో స్లాటులో: డ్రామ్.
రెండో ర్యామ్ నాలుగో స్లాటులో: డ్రామ్.

ర్యాములు రెండూ బాగున్నాయి. మూడో స్లాటులో పెట్టినా డ్రామే. మూడు, నాలుగు స్లాట్లు రెండూ బీ చానెల్‌వి (ప్రాసెసర్‌కి, ర్యామ్‌కి మధ్య ఉన్న రెండు దారుల్లో రెండోది). ఒక చానెల్ మొత్తం పోయిందంటే స్లాటు కంటే ప్రాసెసర్, సాకెట్ మధ్య సంపర్కాన్ని ముందు అనుమానించాలి. ర్యామ్ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది, చానెల్ వైర్లు ఆ పిన్నుల గుండానే పోతాయి. ఇలాంటప్పుడు బోర్డు చెడిందని వారంటీకి పంపేస్తే అక్కడ వేరే ప్రాసెసర్‌తో బాగానే పనిచేస్తుంది, తిరిగొస్తుంది, వారాలు పోతాయి.

ఈసారి కూలర్‌ని మెలితిప్పి తీశాం, ప్రాసెసర్ సాకెట్లోనే ఉంది. లివర్ ఎత్తి దాన్ని బయటికి తీసి, ఫోన్ కెమెరా జూమ్‌తో పిన్నుల వరసల్ని చూశాం. పొద్దున ఒక దిక్కు నుంచే చూశాం, వరస తిన్నగా కనబడింది. ప్రాసెసర్‌ని పావు చుట్టు తిప్పి అడ్డ వరసల వెంట చూస్తే అదే మూల పిన్ను ఒకటి పక్కకి వాలి ఉంది. వేలితో తట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది ఇందుకే. పిన్నులన్నీ తిన్నగా ఉంటే, లివర్ పైకెత్తిన సాకెట్లో ప్రాసెసర్ తన బరువుకే దిగిపోవాలి, వేలి సాయం అక్కర్లేదు. రెండు దిక్కులా నిలబెట్టాక అలాగే దిగింది.

రెండు ర్యాములు, రెండు నాలుగు స్లాట్లు. వీజీఏ.

గ్రాఫిక్స్ కార్డు పెట్టి, దానికి 6+2 కేబుల్ ఇచ్చాం. ఆర్ఎక్స్ 6600కి 132 వాట్లు కావాలి. స్లాటు ఇచ్చేది 75 దాకానే, మిగతాది ఈ కేబుల్ మోయాలి. వీజీఏ లైటు ఆరి బూట్ లైటు వెలిగింది, తెర మీద అక్షరాలు వచ్చాయి: ప్రాసెసర్ కొత్తది, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళాలు దాచే భాగం) సమాచారం సరిపోలడం లేదు, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని. కొత్త మిషన్ కాబట్టి వై. పాత డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉన్నవాళ్ళు మాత్రం రికవరీ కీ చేతిలో ఉంటేనే వై నొక్కాలి. బూట్ లైటు వెలిగే ఉండటం తప్పు కాదు, ఎస్‌ఎస్‌డీ ఇంకా పెట్టలేదు.

కార్డు దగ్గర ఆగినవాళ్ళకు ఒక మాట. పరీక్ష కోసం ఎవరింట్లోనో ఉన్న జీఫోర్స్ 210 లాంటి పాత కార్డు తెచ్చి పెడితే దారి తప్పుతారు. ఆ కార్డులకు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి రాదు. బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతిని నడిపే సెట్టింగు) ఆపి ఉంటే, కార్డు, బోర్డు రెండూ మంచివైనా తెర నల్లగానే ఉంటుంది.

మూడో రోజు: మళ్ళీ క్యాబినెట్లోకి

బల్ల మీద పనిచేసింది. క్యాబినెట్లో బిగించాక వీజీఏ దగ్గర ఆగింది. బల్ల మీద, క్యాబినెట్లో ఉన్న తేడా కార్డు కూర్చునే తీరొక్కటే. టార్చి వేసి చూస్తే, కార్డు బ్రాకెట్ చివరి నాలుక క్యాబినెట్ రేకు మడతకు తగిలి ఆగుతోంది. వెనకవైపు స్క్రూ బిగించే కొద్దీ ఆ మడత మీద కార్డు తూగి, తోక వైపు స్లాటులోంచి ఒక మిల్లీమీటరు పైకి లేస్తోంది. బంగారు రంగు పట్టీ సన్న గీతలా కనబడితే కార్డు పూర్తిగా దిగనట్టే. చవక క్యాబినెట్లలో ఇది తరచూ ఉండేదే.

బోర్డు స్క్రూలన్నీ సగం వదులు చేసి, బోర్డును వెనక పోర్టుల పలక వైపు నొక్కి పట్టి తిరిగి బిగించాం. బ్రాకెట్ నాలుకను పట్టకారుతో కొద్దిగా లోపలికి వంచాం. కార్డు దిగి స్లాటు లాక్ టిక్కుమంది. స్క్రూ బిగించాక కూడా గీత కనబడలేదు. ఆన్ చేస్తే పదిహేను సెకన్లలో బయోస్.

ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ ఎక్కించాం. బయోస్‌లో ర్యామ్ 2400 చూపిస్తోంది. ఎక్స్ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేస్తేనే 3200 వస్తుంది, డబ్బా మీది వేగం తనంతట తాను రాదు. ఆన్ చేశాక డ్రామ్ లైటు ఒకసారి ఆగి లేచింది, తరవాత మామూలే. ఇది చివరికి పెట్టుకున్నది కావాలనే. డిస్‌ప్లే తేలకముందు ర్యామ్ వేగం పెంచితే ఆ డ్రామ్ లైటు ఎందుకు వెలిగిందో ఎప్పటికీ తేలదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌లో కార్డు x8 3.0 అని చూపించింది. ఆర్ఎక్స్ 6600 ఎనిమిది లేన్ల (డేటా దారుల) కార్డు, బీ450 పీసీఐఈ 3.0 బోర్డు, కాబట్టి అది సరైన లెక్కే.

గదిలో 31 డిగ్రీలు. ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ 41, ప్రాసెసర్ మీద పూర్తి బరువు వేసే సినీబెంచ్ అరగంట నడిపాక 78. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిచింది, నాలుగు పాసులు, తప్పులు సున్నా. పక్క తలుపు బిగించేశాం. మిగిలిన ఇత్తడి స్టాండాఫ్ బోర్డు డబ్బాలో, కొత్త బయోస్ వెర్షన్ నంబరు రాసిన కాగితంతో పాటు ఉంది.